పరదేశి తరఫున తొమ్మిది ఇంటర్వ్యూలు

రొంగలి పరదేశి స్టోర్ కీపరుగా ఉన్న పందొమ్మిదేళ్లలో గాజువాక తీగల మిల్లులో ఒక్క నట్టు కూడా పోలేదు. చివరికి మిల్లే పోయింది. ఒక సోమవారం పొద్దున్న గేటుకి నోటీసు అంటించి యజమానులు చల్లగా జారుకున్నారు. ఆ రోజు కూడా పరదేశి లోపలున్న సరుకంతా ఒకసారి సరిచూసి, తాళాలు వాచ్‌మన్‌కి అప్పగించి, అందినట్టు కాగితం రాయించుకుని మరీ ఇంటికొచ్చాడు.

అలా వచ్చినవాడు నాలుగు నెలలు ఇంట్లోనే ఉండిపోయాడు. ఖాళీగా కూర్చోవడం అతని ఒంటికి పడదు. అందుకని వంటిల్లు సర్దాడు. పోపుల పెట్టెలో గిన్నెకో నంబరు, అటక మీద డబ్బాకో చీటీ, తలుపు వెనక మేకుకి ఒక రిజిస్టరు. భార్య నూకరత్నం అంగన్‌వాడీ టీచరు. పాతికమంది పిల్లలతో వేగి ఇంటికొస్తే, చింతపండు ఎక్కడుందో తెలుసుకోవడానికి మూడో పేజీ తిరగెయ్యాల్సి వచ్చేది.

"నీకు ఉద్యోగమన్నా రావాల, నాను ఈ ఇల్లన్నా ఒగ్గీసి ఎల్లిపోవాల," అంది ఒకరోజు. "పొయ్యి మీద కూర మాడిపోతంటే రిజిస్టరు సూడమంటావేటి?"

నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు పరదేశికి గుచ్చుకుంది. అతనికి నలభై ఆరేళ్లు. చేతిలో ఉన్న విద్య ఒక్కటే, ఏ వస్తువు ఎక్కడుండాలో తెలియడం. మళ్లీ ఒక తాళంచెవుల గుత్తి చేతికి రాకపోతే, తానూ అటకెక్కించిన సామానులాగే మిగిలిపోతానని భయం పట్టుకుంది. ఆ భయంతోనే ఆటోనగర్ మలుపులో ఉన్న నిచ్చెన కన్సల్టెన్సీ మెట్లెక్కాడు.

అక్కడ సునంద అనే అమ్మాయి అతని కాగితాలు చూసి, "మీ ప్రొఫైల్ సూపర్ సార్. మీ తరఫున మేమున్నాం. ఇంక మీరు హాయిగా ఇంటికెళ్లి పడుకోండి," అంది. పరదేశి పొంగిపోయాడు. మూడు వారాలు ఫోన్ రాలేదు. తనే చేస్తే, "ఇప్పుడు మీ గురించే మాట్లాడుకుంటున్నాం సార్," అంది. పాపం, ఆ పిల్ల చెడ్డది కాదు. రోజుకి అరవైమందికి అదే మాట చెప్పడం ఆమె ఉద్యోగం. కంపెనీ ఫీజు ఇస్తుంది కాబట్టి కంపెనీ పని చూస్తుంది. అభ్యర్థి ఏమీ ఇవ్వడు కాబట్టి అతనికి ధైర్యం చెబుతుంది. ఇందులో దాపరికం కూడా పెద్దగా లేదు.

కానీ అంతకు రెండేళ్ల ముందే ప్రభుత్వంలో పైవాళ్లకి హఠాత్తుగా ఒక సందేహం వచ్చింది. ఈ కన్సల్టెన్సీలు నిజంగా ఎవరి పక్షం? దీన్ని తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీ పద్దెనిమిది నెలలు, నాలుగు చల్లటి ఊళ్లు తిరిగి, కన్సల్టెన్సీలు 'మీ తరఫున మేమున్నాం' అంటున్నాయి గానీ ఉండటం లేదని కనిపెట్టింది. ఆ మాట నమ్మకండని అభ్యర్థులకి చెప్పేస్తే సరిపోయేది. ఒక్క ముక్కతో తేలిపోయే పనికి అంత కమిటీ ఎందుకు? అందుకని ఆ మాటని ఉత్తర్వు ద్వారా నిజం చెయ్యాలని సిఫారసు చేశారు. ఉద్యోగార్థి పక్ష పరిరక్షణ మండలి అని ఒక కొత్త సంస్థ పుట్టింది. దానికి ఒక యాప్, ఒక లోగో, జిల్లాకో అధికారి ఏర్పడ్డారు.

విశాఖ జిల్లాకి వచ్చిన అధికారి పేరు చిదానందం. ఆయన మాట్లాడితే గెజిట్‌ని గట్టిగా చదివినట్టుండేది. నిచ్చెన యజమాని ముక్తేశ్వరరావుని, సునందని, ఇంకో నలభై కన్సల్టెన్సీల వాళ్లని పిలిచి ఇలా సెలవిచ్చాడు:

"ఇకమీదట ప్రతి కన్సల్టెన్సీయు అభ్యర్థి పక్షమున సంపూర్ణముగా పనిచేయవలెను. న్యాయస్థానమున కక్షిదారు తరఫున వకీలు మాట్లాడు రీతిని, ఇంటర్వ్యూ యందు అభ్యర్థి తరఫున ప్రతినిధియే మాట్లాడవలెను. అభ్యర్థులు నోరు తెరచి తమకు తామే కీడు చేసికొనుచున్నారని కమిటీ గ్రహించినది. కావున అభ్యర్థి నోరు మెదపరాదు."

"మరి కంపెనీవాళ్లు కూడా మా క్లయింట్లేనండి," అన్నాడు ముక్తేశ్వరరావు, ఒళ్లు దగ్గర పెట్టుకుని. "వాళ్ల పక్షం ఎవరుంటారండి?"

"అదియును మీరే ఉండవచ్చును. నిబంధనలు పక్షమును కోరుచున్నవే గాని, మనుష్యుల సంఖ్యను నిర్దేశించుట లేదు. కుర్చీ మారినచో పక్షము మారినట్లే."

పది రోజుల్లో పరదేశికి ఫోన్ వచ్చింది. సాగరిక పంపుల కంపెనీలో స్టోర్ కీపర్ ఖాళీ. ఇంటికి సైకిలు దూరం. నూకరత్నం ఇస్త్రీ చొక్కా తీసి ఇచ్చింది. పరదేశి దారి పొడుగునా వాల్వులు, గాస్కెట్లు, బేరింగుల సైజులు వల్లె వేసుకుంటూ వెళ్లాడు.

గదిలో ఒక బల్ల, దానికి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ ఉన్నాయి. ఒక మూల నేల మీద తెల్ల టేపుతో చదరం గీసి, అందులో పరదేశికి స్టూలు వేశారు. ఎదుటి మూల నీలం తెర. దాని వెనక కంపెనీ మేనేజరు దేవసహాయం ఉన్నాడు. ఆయన్ని చూస్తే అభ్యర్థి బెదిరిపోవచ్చని తెర కట్టించింది మండలే. చిదానందం విజిల్ మెళ్లో వేసుకుని గోడవారన కూర్చున్నాడు.

సునంద కంపెనీ కుర్చీలో కూర్చుని గొంతు కొంచెం బొంగురు చేసింది. "మీ అభ్యర్థి అనుభవం ఎంత?"

లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అభ్యర్థి కుర్చీలో కూర్చుంది. "పందొమ్మిదేళ్లండి."

మళ్లీ లేచి వెళ్లింది. "అయిదు నెలలుగా ఖాళీగా ఎందుకున్నాడు?"

తిరిగొచ్చింది. "ఖాళీగా లేరండి. ఆత్మపరిశీలన చేసుకున్నారు."

ఇలా పన్నెండు ప్రశ్నలయ్యేసరికి ఆమె చెప్పులు చేతిలోకి వచ్చాయి. పదమూడో ప్రశ్న తెర వెనకనుంచి చీటీ మీద వచ్చింది. "బేరింగులూ, రబ్బరు సీళ్లూ ఒకే అరలో పెట్టచ్చా?" సునంద ఇటొచ్చి ఫైలు తిరగేసింది. ఫైల్లో రబ్బరు ఊసే లేదు. "నా అభ్యర్థి ఏ వస్తువునైనా ఎక్కడైనా పెట్టగల సమర్థులండి," అంది ధీమాగా.

పరదేశి స్టూలు మీంచి లేచాడు. "అమ్మా, పెట్టకూడదమ్మా! గ్రీజు తగిలితే కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోద్ది..."

చిదానందం విజిల్ ఊదాడు. "అభ్యర్థి మాట్లాడినాడు. ఒక మారు హెచ్చరిక!"

"నేనతన్ని ఒక్క ముక్క అడగచ్చా?" అంది తెర.

"అడగరాదు," అన్నాడు చిదానందం.

ఇక పక్షం నిరూపించుకోవాల్సిన ఘట్టం వచ్చింది. అభ్యర్థి కోసం గట్టిగా కొట్లాడకపోతే నిచ్చెనకి మార్కులు పడవు. సునంద బల్ల గుద్దింది. తన అభ్యర్థికి ఏసీ గది కావాలంది. శని, ఆదివారాలు సెలవు కావాలంది. స్టోర్ కీపర్ అనే పేరు అవమానకరం కాబట్టి 'వస్తు వ్యవహారాల జనరల్ మేనేజర్' అని పిలవాలంది. పరదేశి అవేవీ అడగలేదు. అతనికి కావాల్సింది తాళాలు. రెండు చేతులూ అడ్డంగా ఊపాడు గానీ, చేతులూపడం మాట్లాడటం కిందికి వస్తుందో రాదో చూడ్డానికి చిదానందం నిబంధనల పుస్తకం తీసేసరికి ఊరుకున్నాడు.

సునంద అటెళ్లి, ఆ కోరికలన్నీ అసాధ్యమని తేల్చి, అభ్యర్థిని తిరస్కరించింది. ఇటొచ్చి, ఇది దారుణమని తనమీద తనే మండిపడింది. చిదానందం పదికి తొమ్మిదిన్నర వేశాడు.

బయటికొచ్చాక ఇంకో పని మిగిలింది. అభ్యర్థికి ఉద్యోగం రాకపోతే ప్రతినిధి గంటలోగా విచారం ప్రకటించాలి. ప్రకటిస్తే చాలదు, విచారంగా ఉన్న ముఖాన్ని ఫొటో తీసి, ఆ చోటు గుర్తుతో సహా యాప్‌లో ఎక్కించాలి. కంపెనీ గోడ దగ్గర సునంద మూతి ముడిచి ఫొటో దిగింది. 'విచారం స్పష్టంగా లేదు. మళ్లీ ప్రయత్నించండి' అంది యాప్. కనుబొమలు దించింది. 'ఇది అలసట' అంది యాప్.

"ఇలగివ్వమ్మా, నాను తీస్తాను," అని పరదేశి ఫోన్ తీసుకున్నాడు. "నీకు ఏడుపు రావాలంటే మా మిల్లు మూసీసిన రోజు సంగతి సెప్తానుండు." చెప్పాడు. చివరిసారి సరుకు సరిచూడ్డం, ఖాళీ షెడ్డులో తన చెప్పుల చప్పుడు తనకే వినబడటం, అన్నీ చెప్పాడు. సునందకి నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కు తుడుచుకుంటూ, "సారీ సార్. ఆ రబ్బరు సంగతి నాకు తెలీదు," అంది. ఆ ఫొటోని కూడా యాప్ తిప్పికొట్టింది. కన్నీళ్ల వల్ల ముఖం గుర్తుపట్టలేకపోతోందట. చివరికి ఇద్దరూ టీ తాగి, మొదటి ఫొటోనే తలకిందులుగా ఎక్కిస్తే ఆమోదం వచ్చింది.

మూడు నెలలకి మండలి గ్రేడులు ప్రకటించింది. నిచ్చెనకి అట్టడుగు స్థానం వచ్చింది. ముక్తేశ్వరరావు లబోదిబోమంటూ పరిగెత్తాడు. "ఈ మూడు నెలల్లో పదకొండుమందికి ఉద్యోగాలు ఇప్పించామండి! అది తప్పా?"

"మహా తప్పు కాదు గాని, మీ సేవాకాలము పరిశీలింపుడు," అన్నాడు చిదానందం. "ఒకనికి రెండు దినములలో ఉద్యోగము వచ్చినది. అనగా మీరు అతని పక్షమున రెండు దినములే పనిచేసితిరి. పొరుగు సంస్థ వారు ఒక్క అభ్యర్థి పక్షమున తొంబది దినములు నిర్విరామముగా పోరాడుచున్నారు. ఎవరిది నిజమైన అంకితభావము?"

ముక్తేశ్వరరావుకి జ్ఞానోదయమైంది. ఆఫీసుకొచ్చి జాబితా తీసి, ఎవరు ఎక్కువ కాలంగా ఉద్యోగం లేకుండా ఉన్నారో చూశాడు. పరదేశి పేరు మీద వేలు ఆగింది.

ఆ రోజునుంచి నిచ్చెనలో పరదేశికి జరిగిన మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. ఫ్యాను కింద కుర్చీ, పొద్దున్న పెసరట్టు, మధ్యాహ్నం మజ్జిగ. ఎవరైనా కొత్త అభ్యర్థి వస్తే, "ఈయన చూడండి, మా పరదేశి గారు. ఈయన తరఫున ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నాం. ఇంకా వదల్లేదు," అని ముక్తేశ్వరరావు గర్వంగా చూపించేవాడు. వాళ్లు నోరెళ్లబెట్టేవారు. నెలకోసారి సాగరికకి తీసుకెళ్లడం, సునంద బల్ల చుట్టూ తిరగడం, కోరికలు ఇంకాస్త పెంచడం. ఆరో ఇంటర్వ్యూలో కారు అడిగింది. ఎనిమిదోదానిలో కంపెనీ వీధికి అతని పేరు పెట్టాలంది. సాగరిక కూడా ఇంకెవరినీ తీసుకోలేకపోయింది, ఎందుకంటే వచ్చిన ప్రతి అభ్యర్థికీ ఇలాంటి ప్రతినిధే ఉన్నాడు. స్టోర్ తలుపు తోస్తే సామాను మీద పడే స్థితికొచ్చింది.

"సార్, నాకు సిగ్గుగా ఉంది," అంది సునంద, తొమ్మిదో ఇంటర్వ్యూ అయ్యాక. "నేనడిగినవి మీరెప్పుడూ అడగలేదు. తెలుసు. కానీ అడక్కపోతే నా ఉద్యోగం పోతుంది. మా తమ్ముడి చదువు నా జీతం మీదే నడుస్తోంది."

పరదేశి కోప్పడలేకపోయాడు. కోపం రావాల్సిన చోట ఎవరూ దొరకలేదు, ఎటు చూసినా తన మంచి కోరేవాళ్లే ఉన్నారు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ నూకరత్నం అడిగింది. "నీ తరపున ఆ అమ్మాయి పనిసేస్తంది. ఆ ముక్తేశ్వర్రావు పనిసేస్తన్నాడు. ఆ విజిలాయన పనిసేస్తన్నాడు. అందరికీ నీవల్ల పనుంది గదా. మరి నీకు పనేదీ?"

పరదేశి కంచం కడిగి, దాని నంబరున్న అరలో పెట్టాడు.

ఏడాది నిండాక మండలి సన్మాన సభ పెట్టింది. జిల్లాలో ఉత్తమ పక్ష సంస్థ నిచ్చెన. వేదిక మీద ముక్తేశ్వరరావుకి కొత్త కోటు, సునందకి పూలగుత్తి. సేవలందుకున్న అభ్యర్థిగా పరదేశికి దండ వేసి ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో, మెత్తటి మనిషిలా కనిపించే ఒకాయన ఫోన్‌లో గుసగుసగా ఎవరినో బతిమాలుతున్నాడు.

"రెండొందల పంపులు ఆగిపోయాయిరా. లారీ వచ్చి నిలబడింది. రబ్బరు సీళ్లు ఎక్కడా లేవంటే ఎలా? మొన్నేగా డబ్బాలు దిగాయి!"

పరదేశికి ఆగలేదు. "సార్, పంపుల మూతలున్న అర దగ్గర సూడమనండి. కింద వరసలో. సీలు డబ్బా మీద పంపు బొమ్మే ఉంటాది. కొత్తోడెవడైనా బొమ్మ సూసి అక్కడ పడీస్తాడు."

ఆయన ఆ మాటే ఫోన్‌లో చెప్పాడు. అరనిమిషం ఆగి, అట్నుంచి వచ్చిన కేక పరదేశికి కూడా వినబడింది. దొరికాయి. ఆయన ఫోన్ పెట్టేసి పరదేశి వైపు పూర్తిగా తిరిగాడు.

"ఎవరండీ మీరు? నేను దేవసహాయాన్ని, సాగరిక పంపుల మేనేజర్ని. మండలికి సహకరించిన కంపెనీ అని నాక్కూడా శాలువా ఇస్తామని పిలిచారు."

"నాను పరదేశినండి. మీరు తొమ్మిదిసార్లు వొద్దన్నోణ్ణి."

దేవసహాయం మొహం ఎర్రబడింది. "ఆ కారడిగింది మీరా?"

"నాకు సైకిలుందండి. తాళాలిస్తే సాలు."

"రేపు పొద్దున్న ఎనిమిదింటికి రండి," అన్నాడు దేవసహాయం, అక్కడికక్కడే.

విజిల్ మోగింది. చిదానందం మైకు వదిలి పరిగెత్తుకొచ్చాడు. "ప్రత్యక్ష సంభాషణ! మండలి సభయందే! ఈ నియామకము చెల్లదు. అభ్యర్థి అంగీకారము ప్రతినిధి ముఖతః మాత్రమే చెల్లును. ప్రతినిధి ఎవరు?"

సభంతా సునంద వైపు తిరిగింది. ముక్తేశ్వరరావు మెరిసే షీల్డుని కోటుకి హత్తుకుని, అడ్డంగా తలూపుతూ ఆమెకి కళ్లతోనే దండం పెట్టాడు. పరదేశికి ఉద్యోగం వస్తే ఏడాది సేవంతా అక్కడితో ముగిసిపోతుంది, షీల్డు పోతుంది, ఆ పైన ఆమె ఉద్యోగమూ పోతుంది. పరదేశికి అవన్నీ తెలుసు. నోరు తెరిచి ఆ పిల్లని అడగలేక, దండలోని ఒక బంతిపువ్వుని రేకు రేకుగా తుంచుతూ నిలబడ్డాడు.

సునంద లేచి, పూలగుత్తి కుర్చీలో పెట్టింది. ఈసారి ఏ బల్ల చుట్టూ తిరగలేదు. "మా అభ్యర్థి ఒప్పుకున్నారు," అంది. ఒక క్షణమాగి, "ఏసీ వద్దట," అని కూడా చెప్పింది.

జనం చప్పట్లు కొట్టారు. ఏది సన్మానమో ఏది కాదో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. చిదానందం షీల్డు వెనక్కి తీసుకున్నాడు. ముక్తేశ్వరరావు వేదిక దిగకుండానే, "అమ్మాయ్, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు.

"తొందరపడితిరి," అన్నాడు చిదానందం పుస్తకం తిప్పుతూ. "ఈ క్షణము నుండి ఈమె ఉద్యోగార్థి. ఏడవ నిబంధన ప్రకారము, తొలగించినవారే తొలి ప్రతినిధి. రేపటి నుండి మీరు ఈమె పక్షమున పోరాడవలెను."

మర్నాడు ఎనిమిదికి పది నిమిషాల ముందే పరదేశి సాగరిక స్టోర్ తాళం తీశాడు. తలుపు తోస్తే మూడు డబ్బాలు కాళ్ల మీద పడ్డాయి. వాటిని చూసి అతనికి ఎంత సంతోషం కలిగిందంటే, ఒక్కసారి కూర్చుని, మళ్లీ లేచి, చొక్కా చేతులు మడిచాడు. మధ్యాహ్నానికి సగం అరలు ఊపిరి తీసుకుంటున్నాయి.

ఒంటి గంటకి దేవసహాయం స్టోర్‌లోకి తొంగిచూశాడు. "పరదేశి గారూ, గేటు దగ్గర ఇద్దరున్నారు. లారీల్లో సరుకు పంపించే సెక్షన్‌లో పని కోసం ఆ సునందమ్మ వచ్చింది. ఆమె తరఫున మాట్లాడటానికి కోటేసుకుని ముక్తేశ్వరరావు వచ్చాడు. చేతిలో చాలా పెద్ద జాబితా ఉంది. ప్రతినిధి లేకుండా ఇంటర్వ్యూ చేస్తే మండలి ఊరుకోదు. ఏం చేద్దాం?"

పరదేశి చేతులు తుడుచుకున్నాడు. పెద్దగా ఆలోచించాల్సిన పని కూడా కనబడలేదు.

"అమ్మాయిని లోపలికి పంపండి సార్. ఆయన్ని గేటు కాడ కుర్చీ ఏసి కూకోబెట్టండి. ఆయన బయటున్నంతసేపూ ఆ అమ్మాయి తరపున పనిసేస్తన్నట్టే."

సునంద ఇంటర్వ్యూ ఏడు నిమిషాల్లో అయిపోయింది. గేటు దగ్గర ముక్తేశ్వరరావు జాబితా ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కదల్లేదు. సెక్యూరిటీ గార్డు ఆయనకి ఫ్యాను వేసి, మజ్జిగ ఇచ్చాడు. అయిదింటికి ఆయన నాలుగు గంటల నిర్విరామ సేవ అని యాప్‌లో రాసుకుని లేచేసరికి, సునంద అప్పటికే మూడు లారీలు పంపించింది.